దొంగజేబు

ప్లేటు తీసుకుంది. ప్లేటు వెచ్చగా ఉంది, అప్పుడే కడిగి తుడిచినట్టున్నారు. ఆకలి లేదు. బావ వెళ్లమన్నాడు కనక వచ్చింది. "బండి రావడానికి ఇంకా గంట పడుతుందట. కాయితాలు నేను చూసుకుంటాలే. నువ్వెళ్లి ఏదో ఒకటి తినిరా చిన్నీ, దారిలో ఏమీ దొరకదు" అన్నాడు బావ, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని, అక్క చెప్పుల జత ఒళ్లో పెట్టుకుని. అక్క నిన్న సాయంత్రం చనిపోయింది. ఆ సంగతి చెల్లెలు ఇంతవరకు ఎవరికీ నోటితో చెప్పలేదు. ఫోన్లన్నీ బావే చేశాడు. వార్డులో నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే తల ఊపింది, అంతే. మాట నాలుక మీదికి రానంతవరకు ఆ జరిగింది ఇంకా పూర్తిగా జరగనట్టే అనుకుని పెదాలు బిగించుకుని రోడ్డు దాటింది, హోటలు మెట్లెక్కింది, ఫలహారాల హాలు గుమ్మం దగ్గర గది నంబరు అడిగితే తాళంచెవి చూపించింది. ఇప్పుడు వరసలో నిలబడి ఉంది. ముందున్న మనిషి రొట్టె ముక్కలు రెండు యంత్రంలో పెట్టి, అవి ఎగిరి బయటికొచ్చేదాకా కాపలా కాస్తున్నాడు. అక్కకి చెబితే అతని పెళ్లాం పేరు దగ్గర్నుంచి అప్పటికప్పుడు అల్లేసేది. అక్క ఈ హాలు ఎన్నడూ చూడలేదు. కానీ ఏ బల్ల ఎక్కడుందో, గుడ్లు ఏ గిన్నెలో ఉంటాయో, పళ్లబుట్ట నుంచి గుమ్మానికి ఏ దారిన వెళితే మంచిదో అక్కకి తెలుసు. మంచం మీద పడుకుని అడిగి అడిగి చెప్పించుకుంది. "స్తంభం ఉందన్నావుగా, దానికి ఇవతల నడవకు, అవతల నడువు. స్తంభం ఉన్నది దేనికి మరి."

పళ్లబుట్ట నిండుగా ఉంది. అటు చూడకూడదనుకుంటూనే చూసింది. నిన్న ఈ వేళకి అందులో కమలాపండు ఒకటే మిగిలింది. చెయ్యి చాపింది కూడా. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని పక్కనున్న చెంచా అందుకున్నట్టు నటించింది, చెంచాతో పనేమీ లేకపోయినా. చివరిది తియ్యకూడదు, అది అక్క పెట్టిన నియమం. "ఖాళీ బుట్ట అందరి కంటా పడుతుందే. ఎవరు తీశారా అని ఆలోచన మొదలవుతుంది. ఒకటి వదిలావనుకో, బుట్టలో పళ్లున్నట్టే. ఎవరికీ ఏ ఆలోచనా రాదు. పైగా తరవాత వచ్చేవాడు ఏం పాపం చేశాడు?" దొంగతనానికి కూడా మర్యాద ఉండాలనేది అక్క. అందుకని నిన్న వదిలేసింది. ఉత్త చేతులతో వార్డుకి వెళ్లింది. అక్క రోజూ అడిగే మాటే అడిగింది, "ఏం కొట్టుకొచ్చావ్?" అని. "ఏం లేదక్కా. ఒక్కటే ఉంది, వదిలేశాను." అక్క కళ్లు తెరవకుండానే నవ్వింది. "మంచి పని చేశావ్. రేపు తే." ఆ రేపు ఇదే. బుట్ట నిండా పళ్లు. పళ్ల మీద నీటి చుక్కలు ఇంకా ఆరలేదు.

రొట్టె ఒకటి ప్లేటులో పెట్టుకుంది. కాఫీ పోసుకుంది. స్తంభం పక్కన రోజూ కూర్చునే బల్ల ఖాళీగా ఉంటే వెళ్లి కూర్చుంది. కిటికీలోంచి ఆసుపత్రి గేటు కనిపిస్తోంది, గేటు పక్కన పళ్ల బండి, బండివాడు గోనెపట్టా తీసి పళ్లు పేరుస్తున్నాడు. ఆ పళ్లు పెద్దవి, తొక్క వదులుగా ఉంటుంది, లోపల తొన కదులుతుంది. హోటలు పళ్లు చిన్నవి, తొక్క అంటుకుని ఉంటుంది. కళ్లు మూసి చేతిలో పెట్టినా అక్క చెప్పేసేది ఏది ఎక్కడిదో. నిన్న ఉత్త చేతులతో రోడ్డు దాటుతూ ఆ బండి దగ్గర ఒక్క క్షణం ఆగిన మాట నిజం. ఒకటి కొని, ఇదిగో హోటల్లో కొట్టుకొచ్చాను అందామని. అక్క ముందు ఆ పప్పులు ఉడకవని తెలుసు, అందుకే కదిలిపోయింది.

అక్క గుండె బలహీనపడింది. ఒంట్లోకి నీరు చేరుతోందని, ఉప్పు మానెయ్యాలని, నీళ్లు కొలిచి తాగాలని డాక్టర్లు చెప్పారు. మంచం పక్కన బల్ల మీద గీతలున్న ప్లాస్టిక్ గ్లాసు ఉండేది. పొద్దున్న అందులో పోసిందే రాత్రి దాకా. గుడ్డ చాలనప్పుడు టైలరు ఎలా చూస్తుందో అక్క ఆ గ్లాసుని అలా చూసేది, ఎటు తిప్పి కత్తిరిస్తే సరిపెట్టొచ్చా అన్నట్టు. నర్సు ఒక వెసులుబాటు ఇచ్చింది. కావాలంటే రోజుకో కమలాపండు తినండి, దాని మేరకు గ్లాసులో తగ్గిస్తాను అంది. మర్నాడే బావ గేటు దగ్గర సంచీడు కొనుక్కొచ్చాడు. బావ గడియారాలు బాగుచేస్తాడు, ఏ పని చేసినా మాట లేకుండా చేస్తాడు, ఆ సంచీ కూడా మాట లేకుండానే మంచం కింద పెట్టాడు. అక్క ఆ పళ్లన్నీ పక్క మంచాలకి పంచిపెట్టేసింది. "కొన్నవి ఎవరైనా తింటారు. నాకు హోటలుది కావాలి. మా చెల్లెలు పరీక్షల్లో పిల్లల దగ్గర చీటీలు పట్టుకునే మనిషి. అది నా కోసం దొంగతనం చేసి తేవాలి. అప్పుడు గానీ నా దప్పిక తీరదు" అని పక్క మంచం ముసలావిడకి చెప్పింది. ముసలావిడ పండు ఒలుచుకుంటూ, "నీకిదేం రోగమమ్మా" అంది. "గుండెజబ్బే పిన్నిగారూ, వేరే ఏం లేదు" అంది అక్క.

కాఫీ చల్లారుతోంది. గుమ్మం దగ్గర చెక్క స్టాండు మీద బోర్డు ఉంది, ఆహార పదార్థాలు హాలు బయటికి తీసుకువెళ్లరాదు అని. దాని పక్కన హాలు పర్యవేక్షించే మనిషి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనికి అక్క పెట్టిన పేరు హెడ్మాస్టరు. చూడకుండానే పెట్టింది. "నువ్వు భయపడుతున్నావంటే వాడు హెడ్మాస్టరే అయి ఉంటాడు" అని. రోజూ అతని క్షేమం అడిగేది. ఇవాళ మొహం ఎలా ఉంది, కాలు నొప్పా, ఇంట్లో ఏమైనా గొడవా. అతనికి ఒక భార్యని, ఆవిడకి నోటి దురుసుని, ఇద్దరు కూతుళ్లని, సాయంత్రం వేణ్నీళ్లలో పాదాలు పెట్టుకుని కూర్చునే అలవాటుని అక్కే సమకూర్చింది. అతను మొదట్లో ఒకసారి ఆమెని పట్టుకున్నాడు. అప్పటికి కమలాపళ్ల కథ మొదలవలేదు, ఉడకబెట్టిన గుడ్డు ఒకటి కాయితం రుమాల్లో చుట్టి చేతిసంచీ పక్కన పట్టుకుని నడుస్తోంది. రుమాలు విచ్చుకుంది. గుడ్డు జారి నేల మీద పడి పగలకుండా దొర్లుకుంటూ పోయి అతని బూటుకి తగిలి ఆగింది. హాల్లో ఉన్నవాళ్లందరూ చూశారు. "మా అక్కకండీ. ఎదురుగా ఆసుపత్రిలో ఉంది" అంది. గొంతు తనది కాదనిపించింది, అది పరీక్ష హాల్లో ఎన్నోసార్లు విన్న గొంతు, చీటీ దొరికిన పిల్లల గొంతు. అతను వంగి గుడ్డు తీసుకున్నాడు. "నియమం అందరికీ ఒకటే మేడం" అన్నాడు, కోపం లేకుండానే. ఆ మాట కూడా తనదే. తను పిల్లలతో అనే మాటే. వార్డుకి వెళ్లి చెబితే అక్క పడీపడీ నవ్వింది, నవ్వితే ఆయాసం వచ్చింది, నర్సు పరిగెత్తుకొచ్చింది. "గుడ్డే వెళ్లి లొంగిపోయిందా" అంటుంది, మళ్లీ నవ్వుతుంది. నర్సు చెల్లెలి వంక కోపంగా చూసి, "పేషెంటుని నవ్వించకండి" అని వెళ్లింది. ఆ రోజే అక్క సూదీ దారం తెమ్మంది.

దొంగజేబు కుట్టడానికి. చెల్లెలి కోటు ఎడమవైపు, లోపల, లైనింగు కింద. తను అక్కడే చెయ్యి ఆనించి కూర్చుని ఉందని ఆమెకి ఇప్పుడే తెలిసింది. అక్క చేతివేళ్లు వాచి ఉండేవి, సూది పట్టుకుంటే జారేది, వేలి తొడుగు ఎక్కలేదు. అయినా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. బావ పాత చొక్కా చేతిలోంచి ముక్క కత్తిరించింది. "గుడ్డుకో గదీ పండుకో గదీ అక్కర్లేదు, ఒకటే గది చాలు. మూతి బిగువుగా ఉండాలి, అడుగు వదులుగా ఉండాలి. లోపలికెళ్లిన వస్తువు దానంతటది బయటికి రాకూడదు." కుడుతూ అలిసిపోయి నిద్రపోయేది, లేచి అక్కణ్నించే అందుకునేది. కుట్టు అయ్యాక కోటు తొడిగించి వార్డులో అటూ ఇటూ నడిపించింది, జేబులో మందు సీసా పెట్టి. "ఎడమవైపు దిగుతోంది. బరువుకి కోటు దిగుతుందే, ఆ మోచెయ్యి కాస్త ఆనించి నడువు. అలా కాదు, విరిగిన చెయ్యిలా కాదు. ఏదో గుర్తొచ్చి ఆలోచిస్తున్నదానిలా నడువు. నీకు ఆలోచించడం వచ్చుగా, టీచరమ్మవి." పక్క మంచం ముసలావిడ, అవతలి మంచం ఆవిడ కూతురు, ఊడ్చే ఆవిడ, అందరూ చూసి తలా ఒక సలహా ఇచ్చారు. నర్సు గుమ్మంలోంచి చూసి వెనక్కి వెళ్లిపోయింది.

నర్సు అలా వెనక్కి వెళ్లిపోవడాన్నే అక్క మెచ్చుకుంది. "చూశావా, అదీ పద్ధతి. తీసేవాళ్లకి ఎంత మర్యాద ఉండాలో చూసేవాళ్లకీ అంత ఉండాలి. అటు తిరగాలి. నీ సర్వీసులో ఒక్కసారైనా అటు తిరిగావా నువ్వు?" లేదు. పరీక్ష హాల్లో ఆమె నడుస్తుంటే చెప్పుల చప్పుడు కూడా వచ్చేది కాదు. కాలరు మడతలో, గడియారం పట్టీ కింద, రబ్బరు మధ్యకి కోసి, ఎక్కడ పెట్టినా తీసేది. తీసిన చీటీని పిల్లల మొహం మీద ఆడించేది కాదు, అరిచేది కాదు, చెయ్యి చాపి నిలబడేది. ఆ చెయ్యి చూసే పిల్లలు ఏడ్చేవాళ్లు. అక్కకి ఈ కథలన్నీ చెప్పేది, మెచ్చుకుంటుందని. అక్క కుడుతున్న బట్ట మీంచి తలెత్తకుండా, "పాపం, ఎంత చిన్న అక్షరాలతో రాసుకున్నాడో వెధవ. అంత చిన్నగా రాయడానికే అన్నీ వచ్చేసి ఉంటాయి వాడికి" అనేది.

ఎదురు బల్ల దగ్గర ఒకావిడ రొట్టెకి రాసుకునే జాము పొట్లాలు గుప్పెడు తీసి చేతిసంచీలో వేసుకుంది. అక్క దృష్టిలో అది లెక్కలోకే రాదు, పిల్లలాట. వంటవాడు ఎదురుగా నిలబడి వేసిచ్చే ఆమ్లెట్ మాత్రం తీసుకెళ్లకూడదు, వాడు నీ మొహం చూసి నీ కోసం వేశాడు, వాడి కళ్ల ముందే తినాలి. కోసిన ముక్కలు తీసుకెళ్లకూడదు. తొక్క ఉన్నవి పరవాలేదు, తొక్క ఉన్నది ప్రయాణానికి తయారైనట్టే. అన్నిటికంటే ముఖ్యం, ఒకటే తేవాలి. "రెండు తెస్తే దొంగతనం. ఒకటి తెస్తే, అయ్యో మర్చిపోయి జేబులో ఉండిపోయిందండీ అనొచ్చు." పండు చేతిలో పెట్టగానే అడిగేది, "ఎన్ని?" అని. "ఒకటే." "మంచిది. ఇంకా దొంగవి కాలేదు." రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. బావ మంచం అవతల కూర్చుని ఎవరిదో గడియారం విప్పుకుంటూ వినేవాడు.

ఒకటి అనే లెక్క ఈ హోటల్లో పుట్టింది కాదు. ఇది ఆమెకి ఇప్పుడు, రొట్టె తుంపి నోట్లో పెట్టుకున్నాక, నమిలినా గొంతు దిగకుండా అక్కడే ఆగిపోయాక గుర్తొచ్చింది. లేదు, ఎప్పుడూ గుర్తే, ఇప్పుడు అడ్డం పడింది. అక్క బడి మానేసి టైలరు షాపులో చేరిన కొత్త. సాయంత్రం పూట షాపు యజమాని పనివాళ్లకి టీ ఇచ్చేవాడు, టీతో రెండు బిస్కెట్లు. ఇక్కడే తినండి, ఇంటికి పట్టుకెళ్లకండి అనేవాడు, పట్టుకెళ్లడం మొదలైతే ఎక్కడ ఆగుతుందో అని అతని భయం. అక్క ఒకటి అతని ఎదురుగా నమిలేది. రెండోది జేబులో వేసుకునేది. ఇంటికొచ్చి జేబు తిరగేస్తే బిస్కెట్టుకి దారప్పోగులు అంటుకుని ఉండేవి, ఆ రోజు ఏ రంగు గుడ్డ కుట్టిందో ఆ రంగువి. ఒక రోజు ఎరుపు, ఒక రోజు నీలం. చెల్లెలు ఆ పోగులు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టి బిస్కెట్టు తినేది. ఏరడం ఒక ఆట. "పూర్తిగా ఏరావా? పొట్టలో చొక్కా తయారవుతుంది జాగ్రత్త" అనేది అక్క. ఒకసారి యజమాని పట్టుకున్నాడట. జేబులో ఏంటది అని. మర్చిపోయానండీ అందట అక్క. అతను కాసేపు చూసి కత్తెర కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాడట. కత్తెర అతని చేతిలోనే ఉందట. ఆ కథ అక్క ఎన్నిసార్లు చెప్పినా కత్తెర దగ్గరకొచ్చేసరికి నవ్వేది.

నిన్న సాయంత్రం కూడా నవ్వుతూనే ఉంది. గ్లాసు అడుగంటింది. "నర్సమ్మా, ఇవాళ నేను పండు తినలేదు. పండు పేరు చెప్పి తగ్గించిన నీళ్లు నాకు రావాలిగా. మా చెల్లెలు లెక్కల టీచరు, కావాలంటే అడుగు" అంది. నర్సు చెల్లెలి వంక చూసింది. చెల్లెలు నిజమే అన్నట్టు తల ఊపింది. నర్సు రెండు గుక్కలు పోసింది. అక్క అవి నోట్లో ఉంచుకుని ఉంచుకుని మింగి, "దీనికేం రుచుందే" అంది. చెల్లెలు గ్లాసు కడుగుదామని కుళాయి దగ్గరికి వెళ్లింది. వరండా చివరిదాకా నడవాలి. కుళాయి దగ్గర ఎవరో ఉంటే ఆగింది. గ్లాసు కడిగింది, గీతల్లో ఏదో పట్టి ఉంటే వేలితో రుద్దింది, ఎందుకు రుద్దిందో, అంతసేపు ఎందుకు రుద్దిందో. వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. తెర కింద బావ కాళ్లు కనిపిస్తున్నాయి, నర్సు కాళ్లు కనిపిస్తున్నాయి, ఎవరూ కదలడం లేదు. కడిగిన గ్లాసు పట్టుకుని తెర ఇవతలే నిలబడింది. ఆ మిగిలిన ఒక్క పండు తీసి ఉంటే. ఎవరు తిన్నారో దాన్ని. అసలు ఎవరైనా తిన్నారా, లేక హాలు మూసే వేళకి బుట్టతో సహా వంటింట్లోకి వెళ్లిపోయిందా. ఇవాళ్టి బుట్టలో అడుగున ఉన్నది అదేనేమో. ఆ వంటింట్లో ఎక్కడో అది ఉంది, తొక్కతో, రసంతో, ఎవరికీ అక్కర్లేకుండా. అక్క మాత్రం మంచి పని చేశావంది. మంచి పని అని ఎందుకంది. తిట్టి ఉంటే బాగుండేది.

బూట్లు వచ్చి బల్ల పక్కన ఆగాయి. తలెత్తకముందే ఎవరో తెలిసింది.

"ఇవాళ ఏమీ తియ్యలేదండీ" అంది.

"తెలుసు మేడం. కూర్చోండి, లేవకండి" అన్నాడు హెడ్మాస్టరు. అతని చేతిలో అట్టపెట్టె ఉంది. దాన్ని బల్ల మీద, రొట్టె ప్లేటుకి తగలకుండా పెట్టాడు. అతను ముందుగా అనుకుని వచ్చిన మాటలు అప్పజెబుతున్నట్టుంది. మేనేజరు గారితో మాట్లాడాను. ఎదురుగా ఆసుపత్రిలో మనుషులున్న వాళ్లకి ఇవాళ్టి నుంచి ఒక పెట్టె కట్టి ఇవ్వొచ్చన్నారు. "రొట్టె ఉప్పు లేకుండా విడిగా కాల్చమన్నాను. మీరు రోజూ వంటవాణ్ని ఉప్పుందా అని అడుగుతుంటారుగా. గుడ్డు పెట్టించాను. కమలాపళ్లు రెండు."

"రెండా?" అంది.

"మీకూ ఒకటి" అన్నాడు. గొంతు తగ్గించి, "జేబు సంగతి నాకు మొదటి రోజే తెలుసు మేడం. వచ్చేటప్పుడు మీ కోటు సమంగా ఉండేది, వెళ్లేటప్పుడు ఎడమవైపు కాస్త దిగేది. కానీ ఎంత వెతికినా కుట్టు మాత్రం కనబడలేదు. ఎవరు కుట్టారండీ?"

కోటు దిగుతుందని చెప్పాగా, అంటుంది అక్క. మోచెయ్యి ఆనించమంటే ఆనించావు కాదు. కుట్టు కనబడలేదన్నాడా, ఇంకోసారి చెప్పు, ఏమన్నాడు, ఎంత వెతికినా అన్నాడా. ఇప్పుడే రోడ్డు దాటి వెళ్లి ఈ మాట చెప్పాలి. లేవబోయింది కూడా, కుర్చీ వెనక్కి జరిపింది. రోజూ ఇక్కడ జరిగే ప్రతిదీ అక్కకి చెప్పడానికే జరిగేది. యంత్రం ముందు కాపలా కాసిన మనిషి, జాము పొట్లాలావిడ, ఇప్పుడు ఈ మాట. అన్నీ పోగేసి పెట్టుకుంది. ఎక్కడ పెట్టాలి వీటిని.

"మా అక్క కుట్టింది" అంది.

"టైలరా అండీ? ఎలా ఉన్నారు ఇప్పుడు?"

నోరు తెరిచింది. మాట అక్కడే ఉంది, నిన్నటి నుంచీ అక్కడే ఉంది. "చనిపోయింది" అంది. "నిన్న సాయంత్రం."

చెప్పేసింది. హాల్లో చెంచాల చప్పుడు ఆగలేదు. యంత్రంలోంచి రొట్టెలు ఎగిరాయి. తన నోటి నుంచి మొదటిసారి ఆ మాట విన్నది వేణ్నీళ్లలో పాదాలు పెట్టుకుంటాడో లేదో తెలియని ఈ మనిషి. అతను అయ్యో అనలేదు. పెట్టె మీద చెయ్యి వేశాడు, తీసుకుపోదామనుకున్నాడో ఏమో, తీసుకోలేదు. పెట్టె మూత అంచు కొంచెం లేచి ఉంటే వేలితో నొక్కాడు. "ఆలస్యం చేశాను మేడం" అన్నాడు. "నాలుగు రోజులుగా అడుగుదామనుకుంటూనే ఉన్నాను."

ఆమె పెట్టె వంక చూసింది. అనుమతితో వచ్చిన రొట్టె, అనుమతితో వచ్చిన గుడ్డు, పళ్లు రెండు. ఇది పట్టుకుని బోర్డు ముందునుంచి తల ఎత్తుకుని నడిచి వెళ్లొచ్చు. ఎవరూ ఏమీ అనరు. అక్క దీన్ని విప్పి చూసి పక్క మంచాలకి పంచేస్తుంది.

"ఇది నాకొద్దండీ" అంది. "ఎవరైనా ఉంటారు ఆసుపత్రి వాళ్లు, వాళ్లకివ్వండి. ఏమీ అనుకోకండి."

"లేదు మేడం."

"ఒక్క పని చేసిపెడతారా?"

"చెప్పండి."

"కాసేపు అటు తిరుగుతారా?"

అతనికి వెంటనే అర్థం కాలేదు. ఆమె మొహం చూశాడు. తరవాత ఆమె చూపు ఎటుందో అటు, బుట్ట వైపు చూశాడు. పెట్టె తీసుకుని గుమ్మం దగ్గరికి నడిచాడు. బోర్డుకి ఎదురుగా, హాలుకి వీపు పెట్టి నిలబడ్డాడు. బోర్డు తిన్నగానే ఉంది. పెట్టె కింద పెట్టి, బోర్డుని రెండు చేతులా పట్టుకుని సర్దడం మొదలుపెట్టాడు.

ఆమె లేచింది. స్తంభానికి అవతలి నుంచి వెళ్లింది. బుట్ట దగ్గర ఆగి, చెంచా తీసుకోబోతున్నట్టు చెయ్యి చాపింది. పైనున్నది ముట్టుకోలేదు, కొంచెం కింద నుంచి ఒకటి తీసింది. చిన్నది, తొక్క అంటుకుని ఉన్నది. కోటు అంచు లేపి లోపలికి జారవిడిచింది. బావ చొక్కా ముక్క దాన్ని పట్టుకుంది. మూతి బిగువుగా ఉంది, అడుగు వదులుగా ఉంది. మోచెయ్యి ఆనించుకుని, ఏదో గుర్తొచ్చి ఆలోచిస్తున్న మనిషిలా నడిచి, అతని పక్కనుంచి బయటికి వచ్చింది. అతను ఇంకా బోర్డు సర్దుతూనే ఉన్నాడు.

రోడ్డు దాటుతుంటే పండు ప్రతి అడుగుకీ తుంటికి తగులుతోంది. పళ్ల బండివాడు ఇటు చూసి, కొనే మనిషి కాదని గుర్తుపట్టి మళ్లీ పనిలో పడ్డాడు. అక్కని తీసుకెళ్లే బండి వచ్చి గేటు లోపల ఆగి ఉంది, వెనక తలుపులు మూసి ఉన్నాయి. బావ దాని పక్కన నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో అక్క చెప్పులు, ఇంకో చేతిలో గీతలున్న గ్లాసు. దాన్ని ఎందుకు తెచ్చుకున్నాడో అతనికీ తెలిసినట్టు లేదు.

"తిన్నావా చిన్నీ?" అన్నాడు.

ఆమె మోచెయ్యి ఎక్కడ ఆనుకుని ఉందో బావ చూశాడు. కోటు ఎడమవైపు దిగి ఉండటం చూశాడు. ఆమె చెయ్యి లోపలికి పెట్టి పండు తీసింది. జేబు దాన్ని వెంటనే వదల్లేదు, కాస్త గుంజాల్సి వచ్చింది. బావ చెప్పులు చంకలో పెట్టుకుని అరచెయ్యి చాపాడు. ఆమె పండు అందులో పెట్టింది. అతను దాన్ని చూశాడు.

"ఎన్ని?" అన్నాడు.

"ఒకటే బావా."

బావ నోరు తెరిచాడు. తరవాత అనాల్సిన మాట ఏమిటో అతనికి తెలుసు, రోజూ విన్నదే. పండు గుప్పిట్లో బిగించి పట్టుకుని ఆమె చూడకుండా అటు తిరిగాడు. చెల్లెలు కూడా ఇటు తిరిగి, రోడ్డు వంక చూస్తూ నిలబడింది.